పెరట్లో పురుగుల ఫోటోలు: మన ఎండలో, మన మొక్కల మీద

పురుగుల ఫోటోలు తీయాలంటే నల్లమలకో మారేడుమిల్లికో వెళ్ళాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదండి. విజయవాడలోనో గుంటూరులోనో ఇంటి వెనక ఒక కరివేపాకు చెట్టు, ఒక నందివర్ధనం, గోడ వారగా తనంతట తాను మొలిచిన నాలుగు గడ్డి చామంతి మొక్కలు ఉంటే చాలు, ఏడాది పొడవునా ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి మేడ మీద కుండీలు ఉన్నా సరిపోతుంది.

ఈ హాబీలో అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటే చెప్పేస్తాను. పురుగు వెంట పడొద్దు, మొక్కను తెలుసుకోండి. ఏ పురుగు ఏ ఆకు తింటుంది, ఏ పువ్వు మీద వాలుతుంది, ఏ పూట ఎక్కడ కదలకుండా కూర్చుంటుంది అన్నది తెలిస్తే మామూలు ఫోన్‌తో కూడా మంచి ఫోటో వస్తుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా ఎగిరిపోతున్న రెక్కలే మిగులుతాయి. అందుకే కెమెరా సంగతి తర్వాత, ముందు మొక్కల సంగతి.

కరివేపాకుతో మొదలుపెట్టండి

మన వైపు కరివేపాకు లేని పెరడు అరుదు. దాని లేత చిగుళ్ళ మీద, ఆకు అంచునో అడుగునో, మిల్లీమీటరు సైజులో లేత పసుపు రంగు గుండ్రటి గుడ్డు ఒక్కటే అంటించి ఉంటుంది. అది కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుకదో, లైమ్ బటర్‌ఫ్లైదో అయి ఉంటుంది. ఈ రెండో రకం నిమ్మ, బత్తాయి, నారింజ మొక్కల మీద కూడా గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు గోధుమ రంగులో తెల్ల మచ్చలతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు దాన్ని తినకుండా వదిలేయడానికి అదే దాని ఉపాయం. పొర విడుస్తూ విడుస్తూ చివరి దశకి వచ్చేసరికి ఆకుపచ్చగా మారిపోయి ఆకుల్లో కలిసిపోతుంది. మెల్లగా కదిపితే తల వెనక నుంచి నారింజ, ఎరుపు రంగుల్లో రెండు పాయల కొమ్ము బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. ఆ కొమ్ము ఫోటో కోసం దాన్ని మాటిమాటికీ పొడవకండి, ఒక్కసారి చూస్తే చాలు, ఆ కొమ్ము బయటికి తీయడం దానికి శ్రమే.

గుడ్డు నుంచి సీతాకోకచిలుక ఎగిరేదాకా మన వేడికి దాదాపు నెల పడుతుంది. రోజూ అదే కొమ్మ దగ్గరికి వెళ్తే ఒక్క చెట్టు మీద మొత్తం కథ తీయొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి దీనికన్నా మంచి పాఠం లేదు, ఎందుకంటే గొంగళిపురుగు పారిపోదు, మీరు ఫోకస్ నేర్చుకునేదాకా అక్కడే తింటూ ఉంటుంది. గొంగళిపురుగు తినడం ఆపి, కదలకుండా గట్టి తొడుగులో ఉండిపోయే దశని ప్యూపా అంటారు. ఆ ప్యూపా రంగు మారి లోపల రెక్కల రంగు బయటికి కనపడుతోందంటే ఇక ఎంతో టైం లేదని అర్థం, సాధారణంగా తెల్లవారుజామునో పొద్దున్నే త్వరగానో బయటికొస్తుంది, ఆ రోజు అలారం పెట్టుకోండి. బయటికొచ్చాక రెక్కలు సాగి ఆరేవరకు వేలాడుతూ ఉంటుంది. ఆ సమయంలో దాన్ని ముట్టుకోకూడదు, కొమ్మ కదపకూడదు. ముడతపడిన రెక్క అలాగే గట్టిపడితే ఇక ఎగరలేదు.

ఇక్కడ ఇంట్లోవాళ్ళతో ఒక మాట అవసరం. వంటకి కోసుకునే చెట్టు ఆకులు పురుగులు తినేస్తుంటే అమ్మో అత్తయ్యో ఊరుకోరు, ఊరుకోవాలని అనడం కూడా న్యాయం కాదు. నర్సరీలో ఇంకో కరివేపాకు మొక్క కొని కుండీలో పెట్టి, "ఇది నాది, దీని మీద మందు కొట్టొద్దు" అని ముందే మాట తీసుకోండి. పెద్ద చెట్టు మీద కనపడిన పురుగుల్ని ఆకుతో సహా ఈ మొక్క మీదకి మార్చొచ్చు. పెరట్లో మందు కొట్టడం మానేయకుండా ఈ హాబీ సాగదు, అది మాత్రం ఖాయం.

మిగతా మొక్కలు

నందివర్ధనం మీద ఆకుపచ్చగా, బొటనవేలంత లావుగా, తల వెనక రెండు నీలి కళ్ళలాంటి మచ్చలతో ఒక పురుగు ఉంటుంది. ఓలియాండర్ హాక్ మాత్ అనే, సీతాకోకచిలుకలాంటి రాత్రి పురుగు పిల్ల అది. అంత పెద్ద పురుగైనా ఆకుల్లో కనపడదు. దాన్ని పట్టుకోవడానికి పైకి చూడకండి, కిందకి చూడండి. నేల మీద మిరియాల్లా నల్లటి గట్టి లద్దెలు రాలి ఉంటే సరిగ్గా వాటి పైన ఉన్న కొమ్మలోనే ఉంటుంది. ఏ గొంగళిపురుగుకైనా ఈ పద్ధతి పనిచేస్తుంది. కొమ్మ చివర ఆకులు ఈనెలు మాత్రం మిగిలి ఉంటే అదీ ఒక గుర్తే.

గన్నేరు మీద కామన్ క్రో సీతాకోకచిలుక పిల్లలు పెరుగుతాయి. దాని ప్యూపా వెండి పూత పూసినట్టు మెరుస్తుంది, చూస్తే వదలబుద్ధి కాదు గానీ తీయడం కష్టం. అద్దంలో పడ్డట్టు మీరూ, మీ ఫ్లాషూ, వెనక గోడా అన్నీ అందులో పడతాయి. దాన్ని ఎండలో కాకుండా నీడలో, పక్కన తెల్ల కాగితం పట్టుకుని తీయండి.

జిల్లేడుని పెరట్లో ఎవరూ పెంచరు, కానీ పక్క ఖాళీ స్థలంలోనో రోడ్డు చివరో తప్పకుండా ఉంటుంది. నలుపు, తెలుపు, పసుపు చారలతో, ఒంటి మీద మూడు జతల నల్ల మీసాల్లాంటివాటితో కనపడే పురుగు ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకది. జిల్లేడు పాలల్లోని విషం దాని ఒంట్లోకి చేరుతుంది కాబట్టి పిట్టలు ముట్టవు, అందుకే దానికి దాక్కునే అవసరం లేదు, దర్జాగా ఆకు పైనే కూర్చుంటుంది. నీలం, పసుపు రంగుల మిడత కూడా ఆ మొక్క మీదే ఉంటుంది. లేత చిగుళ్ళ దగ్గర పచ్చటి పేనుబంక గుంపులు, వాటిని తినడానికి వచ్చిన అక్షింతల పురుగులు, వాటి ముళ్ళముళ్ళ పిల్లలు, ఇవన్నీ ఒకే కొమ్మ మీద కనపడతాయి. ఒక్క జాగ్రత్త: జిల్లేడు ఆకు తుంచిన చేత్తో కన్ను నలుపుకోకండి, ఆ పాలు కంటికి చాలా హాని చేస్తాయి.

వంగ, టమాటా పూల దగ్గర పొట్ట మీద నీలి పట్టీలున్న తేనెటీగ వస్తుంది. పువ్వుని గట్టిగా పట్టుకుని ఒళ్ళంతా అదిరేలా మోగుతూ పుప్పొడి రాల్చుకుంటుంది. ఎగిరేటప్పుడు దాన్ని తీయడం అనుభవం ఉన్నవాళ్ళకి కూడా కష్టం. కానీ ఆ జాతిలో మగవి సాయంత్రం చీకటి పడే వేళకి ఏదో ఒక ఎండు పుల్లని దవడలతో కరిచి పట్టుకుని, కాళ్ళు వదిలేసి అలాగే నిద్రపోతాయి, ఒక్కోసారి ఒకే పుల్లకి వరసగా అయిదారు. మళ్ళీ మర్నాడు కూడా తరచుగా అదే పుల్లకి వస్తాయి. అందుకని తోట శుభ్రం చేసేటప్పుడు ఎండిపోయిన సన్న పుల్లలన్నీ తీసేయకండి, కొన్ని వదిలేయండి.

మునగ చెట్టు కాండం మీద గుంపులుగా చేరే బొచ్చు గొంగళిపురుగుల్ని దూరం నుంచే తీయండి, వాటి వెంట్రుకలు తగిలితే దురద, దద్దుర్లు. మామిడి చెట్టు ఉంటే ఆకుల్ని కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు ఉంటాయి. వాటి మధ్య చీమలాగే నడుస్తూ ఒక సాలీడు కూడా తిరుగుతుంటుంది. ముందు కాళ్ళు రెండూ మీసాల్లా పైకెత్తి తిరుగుతుంది కాబట్టి మామూలుగా చూస్తే తెలియదు, కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది. సాలీడు పురుగు కాదు నిజమే, కానీ గోడల మీద గెంతే చిన్న సాలీళ్ళు లెన్స్ వైపు తిరిగి సూటిగా చూస్తాయి, అంత బాగా పోజు ఇచ్చేది పెరట్లో ఇంకోటి లేదు.

కాలువ దగ్గర ఇల్లున్నవాళ్ళు అదృష్టవంతులు. విజయవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే వెళ్తాయి, వాటి ఒడ్డున డిచ్ జ్యువెల్ అనే నారింజ రంగు చిన్న తూనీగలు ఎక్కువ. మురికి నీళ్ళలో కూడా బతికే రకం అది. చాలా రకాల తూనీగలకి ఒక అలవాటు ఉంది, లేచి ఎగిరినా కాసేపటికి మళ్ళీ అదే పుల్ల మీదకి వస్తాయి. కాబట్టి అది ఎగిరిపోగానే మీరు కూడా వెళ్ళిపోవద్దు, ఆ పుల్లకి ఫోకస్ చేసుకుని అక్కడే కదలకుండా ఉండండి. తూనీగల కోసం ఇంట్లో తొట్లలో నీళ్ళు నిలవ పెట్టే ఆలోచన మాత్రం చేయకండి, ముందు వచ్చేది డెంగ్యూ మోసే ఏడిస్ దోమ.

ఏ పూట, ఏ నెల

పురుగుల ఒంటి వేడి బయటి వేడిని బట్టే ఉంటుంది. ఎండెక్కేకొద్దీ చురుకు పెరుగుతుంది, చల్లగా ఉంటే బద్ధకంగా ఉంటాయి. మన ఊళ్ళలో మే నెలలో పొద్దున ఎనిమిది దాటితే పురుగులూ ఆకుల కిందకి పోతాయి, మనమూ నిలబడలేం. ఎండాకాలంలో తెల్లారుతూనే మొదలుపెట్టి ఏడున్నరకి ముగించండి. డిసెంబరు, జనవరిల్లో ధనుర్మాసం ముగ్గులు పెట్టే వేళకి గడ్డి మీద మంచు పడి ఉంటుంది, గడ్డి చామంతి పూల కాడలకి ఈగలు, చిన్న సీతాకోకచిలుకలు ఒళ్ళంతా నీటి బొట్లతో అతుక్కుని ఉంటాయి. సూర్యుడు తగిలి రెక్కలు ఆరేదాకా కదలవు. ఏడాదిలో తీరిగ్గా ట్రైపాడ్ పెట్టి తీసుకోగలిగిన రోజులు అవే.

ఎక్కువ రకాలు దొరికేది మాత్రం వానలు మొదలయ్యాకే. తొలకరి పడిన సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్ళు లేస్తాయి, రెక్కలు రాల్చుకుని జంటలుగా నేల మీద పాకుతాయి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె మొదలయ్యేసరికి, ఊరి శివార్లలో మట్టి నేల ఉంటే, ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. దానికి ఎనిమిది కాళ్ళు, సాలీళ్ళ బంధువు. వానలు తెరిపిచ్చాక జులై నుంచి అక్టోబరు దాకా రోజూ పొద్దున్న ఒక అరగంట చాలు.

రాత్రి కూడా వదలొద్దు. ఎనిమిది తర్వాత టార్చి వేసుకుని అవే మొక్కల చుట్టూ ఒకసారి తిరగండి, పగలు కనపడనివన్నీ బయటుంటాయి.

కెమెరా సంగతి

గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో కొంగల్ని, గూడబాతుల్ని తీసేవాళ్ళకి దూరం దగ్గర చేసే పొడవాటి లెన్స్ కావాలి. మనకి కావాల్సింది దగ్గరగా వెళ్ళినా ఫోకస్ అయ్యే లెన్స్, దాన్నే మాక్రో లెన్స్ అంటారు. దానికి చాలా చవక దారులు ఉన్నాయి.

ఫోన్ ఉంటే ఫోన్‌తోనే మొదలుపెట్టండి. తక్కువ ధర ఫోన్లలో "మాక్రో" అని ఇచ్చే 2 మెగాపిక్సెల్ కెమెరాని నమ్ముకోకండి, దానికన్నా మెయిన్ కెమెరా మీద క్లిప్‌తో తగిలించే మాక్రో లెన్స్ చాలా నయం. కొనేటప్పుడు గాజుదా ప్లాస్టిక్‌దా చూడండి, ఎంత దూరం నుంచి ఫోకస్ అవుతుందో చూడండి. రెండు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తే గానీ ఫోకస్ కాని లెన్స్‌తో గొంగళిపురుగుని తీయొచ్చు, తేనెటీగని తీయలేరు. ఖరీదైన ఫోన్లలో దూరానివి దగ్గర చేసే టెలిఫోటో లెన్స్ దగ్గర ఫోకస్ చేస్తుంటే దాన్నే వాడండి, పురుగుకీ ఫోన్‌కీ మధ్య చోటు మిగులుతుంది, వెలుగు ఆగదు.

డీఎస్ఎల్ఆర్‌గానీ మిర్రర్‌లెస్‌గానీ ఉంటే వెంటనే మాక్రో లెన్స్ కొనక్కర్లేదు. మీ దగ్గర 55-250 లేదా 70-300 లాంటి జూమ్ లెన్స్ ఉంటే దాని ముందు రేనాక్స్ డీసీఆర్-250 అనే చిన్న అద్దం తగిలించండి. అది 8 డయాప్టర్ల (అద్దం పవర్ కొలత) అద్దం, 52 నుంచి 67 మిల్లీమీటర్ల ఫిల్టర్ సైజున్న లెన్స్‌లకి క్లిప్‌తో పట్టేస్తుంది. పురుగుకి పన్నెండు సెంటీమీటర్ల దూరంలో నిలబడి తీయొచ్చు, జూమ్ పెంచితే సైజు పెరుగుతుంది. నా లెక్కలో ఖర్చుకి తగ్గ ఫలితం దీనికి వచ్చినంతగా దేనికీ రాదు. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే గొట్టాలు, అంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కూడా మంచివే, లోపల అద్దం ఉండదు కాబట్టి నాణ్యత తగ్గదు, కాకపోతే కెమెరాకీ లెన్స్‌కీ మధ్య కరెంటు కాంటాక్టులు ఉన్నవే కొనండి, లేకపోతే అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మార్చడం తలనొప్పి. 50 ఎంఎం లెన్స్‌ని రివర్స్ రింగుతో తిరగేసి పెట్టే పద్ధతి అన్నిటికన్నా చవక, ఓపిక ఉన్నవాళ్ళకి బాగుంటుంది.

మాక్రో లెన్స్ డబ్బా మీద 1:1 అని ఉంటుంది. పురుగు అసలు సైజు ఎంతో కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీద అంతే సైజులో పడుతుందని దాని అర్థం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, అంటే 36 మిల్లీమీటర్ల తూనీగ ఫ్రేమంతా నిండిపోతుంది. చీమ మాత్రం అప్పుడు కూడా చిన్నగానే కనిపిస్తుంది. కొనేముందు మీరు ఎక్కువగా ఏ సైజు పురుగుల్ని తీస్తారో చూసుకోండి.

అసలు పని వెలుగుది

ఇక్కడ తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మంచి ఫోటోకీ మామూలు ఫోటోకీ తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

దగ్గరికి వెళ్ళేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది. 1:1 సైజులో ఎఫ్ 11 (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అపెర్చర్ మూసుకుంటుంది) పెట్టినా మిల్లీమీటరుకి అటూ ఇటూగానే స్పష్టంగా వస్తుంది. కన్ను వస్తే మీసం రాదు, మీసం వస్తే రెక్క రాదు. అందుకని అపెర్చర్ బాగా మూయాలి, ఎఫ్ 8 నుంచి ఎఫ్ 13 మధ్య. ఇంకా మూస్తే బొమ్మ మొత్తం మెత్తబడిపోతుంది, 1:1 దగ్గర ఎఫ్ 11 అనేది నిజానికి ఎఫ్ 22లా పనిచేస్తుంది మరి. అంత మూస్తే కెమెరాలోకి వెలుగు చాలదు. షట్టర్ నెమ్మది చేస్తే గాలికి ఆకు ఊగుతుంది, మన చెయ్యి వణుకుతుంది. చివరికి తేలేది ఫ్లాష్ దగ్గరే.

ఫ్లాష్ అనగానే వద్దనుకోకండి. పవర్ 16వ వంతుకో 32వ వంతుకో తగ్గించి వాడితే ఆ వెలుగు ఉండేది సెకనులో కొన్ని వేల వంతుల్లో ఒక వంతే, ఆ కాసేపట్లో పురుగు కదలికా మన వణుకూ రెండూ ఆగిపోయి కనిపిస్తాయి. షట్టర్ సెకనులో 200వ వంతు, ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 200, ఎఫ్ 11, ఫ్లాష్ 16వ వంతు, దీనితో మొదలుపెట్టి ఫోటో చూసుకుంటూ ఫ్లాష్ ఒక్కటే తగ్గించుకోండి, పెంచుకోండి.

నేరుగా పడే ఫ్లాష్ మాత్రం పనికిరాదు. అక్షింతల పురుగు వీపు మీద, ఈగ కళ్ళ మీద తెల్లటి చుక్కలా పడి రంగంతా పోతుంది. వెలుగు మెత్తగా ఉండాలంటే అది వచ్చే చోటు పురుగు కంటే చాలా పెద్దదిగా, పురుగుకి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఫ్లాష్ ముందు వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజర్ కట్టేది అందుకే. కొత్త టీవీ చుట్టూ వచ్చే తెల్లటి పల్చని ఫోమ్ షీటు దీనికి చాలా బాగా పనికొస్తుంది, లేకపోతే ట్రేసింగ్ పేపర్, తెల్ల ప్లాస్టిక్ డబ్బా కోసిన ముక్క. ఫ్లాష్ నుంచి లెన్స్ చివరి దాకా వంచి, పురుగు మీద చిన్న పందిరిలా వచ్చేటట్టు అట్టముక్కలతో, టేపుతో బిగించండి. రెండు పొరలు పెట్టి మధ్యలో రెండు మూడు అంగుళాలు ఖాళీ వదిలితే వెలుగు ఇంకా సమంగా పరుచుకుంటుంది. కొన్న డిఫ్యూజర్లకి ఏమాత్రం తీసిపోదు, చిరిగితే ఇంకోటి చేసుకోవచ్చు.

ఫ్లాష్‌తో వచ్చే ఇంకో చిక్కు నల్లటి బ్యాక్‌గ్రౌండ్. వెనక దూరంగా ఉన్న గోడ దాకా ఫ్లాష్ వెలుగు పోదు కాబట్టి పట్టపగలు తీసినా అర్ధరాత్రి తీసినట్టుంటుంది. పురుగు వెనక ఒక అడుగు దూరంలో ఏదైనా ఆకు ఉండేలా కోణం మార్చండి, కుండీ ఉంటే కుండీనే జరపండి. లేదా ఐఎస్‌ఓ 800 చేసి షట్టర్‌ని 60వ వంతుకి దించండి, పగటి వెలుగు కూడా కలుస్తుంది.

ఫోన్ వాళ్ళకి పద్ధతి వేరు. ఎండ నేరుగా పడుతుంటే గొడుగు అడ్డం పెట్టి నీడ చేయండి, రెండో వైపు తెల్ల చార్టు ముక్క పట్టుకుంటే కింది భాగం నల్లబడదు. పక్కన పట్టుకునేవాళ్ళుంటే పని సులువు, పిల్లలు ఈ పని చాలా ఇష్టంగా చేస్తారు. తెర మీద పురుగు కన్నుని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడ లాక్ అవుతుంది, తర్వాత వెలుగు కొంచెం తగ్గించండి. తెల్ల సీతాకోకచిలుకకి ఇంకా తగ్గించాలి.

పట్టుకోవడం, దగ్గరికి వెళ్ళడం

ఆటోఫోకస్ ఇంత దగ్గరలో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది. మాన్యువల్‌కి మార్చి, కావాల్సిన సైజు లెన్స్ మీద పెట్టేసుకుని, ఇక ఆ రింగు ముట్టుకోకండి. మీరే ముందుకీ వెనక్కీ చాలా కొంచెంగా ఊగండి, కన్ను స్పష్టంగా కనపడిన క్షణంలో నొక్కండి. ఎడమ చేత్తో పురుగు ఉన్న కాడని రెండు వేళ్ళతో పట్టుకుని, అదే చేతి మీద లెన్స్‌ని ఆనించండి, గాలికి ఊగినా కాడా లెన్సూ కలిసే ఊగుతాయి. ట్రైపాడ్ కంటే ఇదే నాకు ఎక్కువ పనికొచ్చింది. మోచేతులు మోకాలికో గోడకో ఆన్చండి, ఊపిరి వదిలేశాక తీయండి.

ఏ కోణంలో తీసినా కన్ను మాత్రం ఫోకస్‌లో ఉండాలి. ఒళ్ళంతా స్పష్టంగా కావాలంటే పురుగు వీపు గీతకి సెన్సర్ సమాంతరంగా వచ్చేలా తిరగండి, రెక్కలు మూసుకున్న సీతాకోకచిలుకకి ఇది మరీ ముఖ్యం. మొహం కావాలంటే దాని ఎత్తుకి దిగాలి, అంటే నేల మీద పడుకోవాలి. పాత గోనెసంచి ఒకటి దగ్గర పెట్టుకోండి. పైనుంచి నిలబడి తీసిన ఫోటోలో పురుగు ఎప్పుడూ వీపే చూపిస్తుంది.

దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ నీడ దాని మీద పడనివ్వకండి, అన్నిటికన్నా ముందు దానికే బెదురుతాయి. అటూ ఇటూ ఊగకుండా నేరుగా, కిందుగా, ఆగి ఆగి వెళ్ళండి. మొదట కాస్త దూరం నుంచి ఒక ఫోటో తీసుకుని అప్పుడు జరగండి. ఆకలి మీద పువ్వులో తల పెట్టినవి, జతకట్టినవి, వేట పట్టినవి త్వరగా ఎగరవు. పొదల్లో తూనీగని తింటున్న గొల్లభామ కనపడితే మీరు దగ్గరికి వెళ్ళినా తినడం ఆపదు.

చలికాలం పొద్దున కదలని పురుగు దొరికితే ఫోకస్ స్టాకింగ్ ప్రయత్నించండి. మొహం నుంచి తోక దాకా ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పది ఇరవై ఫోటోలు తీసి, హెలికాన్ ఫోకస్ లేదా జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలిపితే ఒళ్ళంతా స్పష్టంగా వస్తుంది. డబ్బు పెట్టకుండా అయితే కంబైన్‌జెడ్‌పీ ఉంది.

రాత్రి తెల్ల పంచె

రెక్కల పురుగుల్లో పగటి సీతాకోకచిలుకల కన్నా రాత్రి తిరిగే మాత్‌లు ఎన్నో రెట్లు ఎక్కువ రకాలు. మేడ మీద దండేనికి ఒక తెల్ల పంచె కట్టి, దాని ముందు లైటు వేలాడదీయండి. మామూలు ఎల్ఈడీ బల్బులో అతినీల కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి ఎక్కువ రావు, అతినీల కిరణాలిచ్చే నల్ల ట్యూబు ఉంటే బాగా వస్తాయి, పాత సీఎఫ్‌ఎల్ కూడా ఎల్ఈడీ కన్నా నయం. ఆ నల్ల ట్యూబు వైపు నేరుగా చూస్తూ కూర్చోకండి, కళ్ళకి మంచిది కాదు. అమావాస్య దగ్గర్లో, గాలి లేని, వాన పడి వెలిసిన ఉక్క రాత్రి ఎంచుకోండి. రెండు గంటల తర్వాత లైటు ఆపేయండి, లేకపోతే అవి తెల్లారేదాకా అక్కడే ఉండిపోయి పొద్దున్నే కాకులకీ గోరింకలకీ ఆహారమవుతాయి. ఏటా జులై చివరి వారంలో నేషనల్ మాత్ వీక్ పేరుతో చాలా దేశాల్లో ఈ పని చేస్తారు, 2012లో మొదలైంది, అప్పుడు చేస్తే మీ ఫోటోలూ అందులో కలపొచ్చు.

ఈ లైటు దగ్గరే ఒక జాగ్రత్త. సన్నగా, చీమలా, నారింజ నలుపు పట్టీలతో ఉండే ఒక పురుగు వానాకాలంలో వస్తుంది, యాసిడ్ ఫ్లై అంటారు. అది కుట్టదు, కానీ ఒంటి మీద నలిగితే దాని ద్రవానికి చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. మీద వాలితే చేత్తో నలపకుండా ఊది పంపేయండి, పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగండి. కందిరీగల గూటికి నేరుగా ఎదురుగా నిలబడొద్దు. రాత్రి పూట చెప్పుల్లో కాకుండా బూట్లు వేసుకునే గడ్డిలోకి వెళ్ళండి, మోకాళ్ళ మీద కూర్చునే ముందు టార్చి వేసి చూడండి, జెర్రులూ పాములూ కూడా ఆ పెరట్లోవే.

పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి ఫోటో తీసే పద్ధతి కొందరు చెబుతారు. దయచేసి చేయకండి. కదలకపోవడానికి చలికాలం పొద్దున ఉంది, గమ్ముతో అంటించక్కర్లేదు, రెక్కలు పట్టుకుని సర్దక్కర్లేదు. అలా తీసిన ఫోటోలో కాళ్ళు ముడుచుకున్న తీరే చెప్పేస్తుంది, పురుగుల్ని చూసే అలవాటున్న ఎవరైనా కనిపెడతారు. సాలీడు గూట్లో చిక్కిన సీతాకోకచిలుకని విడిపించాలా అని పిల్లలు అడుగుతారు. నేనైతే వద్దనే చెబుతాను, సాలీడుకీ ఆకలి ఉంటుంది.

పేరు కనుక్కోవడం

ఫోటో తీశాక పేరు తెలిస్తే ఆ పురుగు తినే మొక్క తెలుస్తుంది, మొక్క తెలిస్తే ఈసారి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. ఐనాచురలిస్ట్ యాప్‌లో ఫోటో పెడితే ముందు యాప్ ఒక అంచనా చెబుతుంది, తర్వాత తెలిసినవాళ్ళు చూసి సరిచేస్తారు. సీతాకోకచిలుకలకి "బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా" వెబ్‌సైట్ చాలా మంచిది, గొంగళిపురుగు ఫోటోలు, తినే మొక్కల జాబితాలు కూడా ఉంటాయి. పేరు కచ్చితంగా చెప్పాలంటే ఒక్క ఫోటో చాలదు, పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మొహం ఒకటి, కూర్చున్న మొక్క ఆకు కనపడేలా ఒకటి తీయండి. కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని, పిట్టలు తినని కామన్ రోజ్‌ని అచ్చం అనుకరిస్తాయి, పక్క నుంచి తీసిన ఫోటోలో ఒళ్ళు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్. ఇలాంటివి ఒక్క కోణంతో తేలవు.

ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, టైం, మొక్క పేరు రాసుకోండి. రెండో ఏడాది దాన్ని తిరగేస్తే కరివేపాకు మీద గుడ్లు ఏ వారం మొదలవుతాయో, నందివర్ధనం కింద లద్దెలు ఎప్పుడు రాలతాయో మీ పెరటి క్యాలెండరు మీ చేతిలోనే ఉంటుంది. సెప్టెంబరులో దేశమంతా బిగ్ బటర్‌ఫ్లై మంత్ జరుగుతుంది, ఆ నెలలో మీ పెరటి సీతాకోకచిలుకల్ని కూడా నమోదు చేయండి. పెద్ద అడవుల లెక్కలు రాసేవాళ్ళు ఉన్నారు, బ్రాడీపేటలోనో పటమటలోనో ఒక ఇంటి వెనక ఏముందో రాసేవాళ్ళు మీరు తప్ప ఎవరున్నారు!

యాప్‌లో పెట్టేటప్పుడు ఒక సెట్టింగ్ మర్చిపోకండి. ఇవి మీ ఇంట్లో తీసిన ఫోటోలు, లొకేషన్ ఉన్నదున్నట్టు పెడితే మీ ఇల్లెక్కడో అందరికీ కనపడుతుంది. ఫోటో అప్‌లోడ్ చేసేటప్పుడు జియోప్రైవసీ అన్న చోట "అబ్‌స్క్యూర్డ్" ఎంచుకుంటే కచ్చితమైన చోటు బదులు దాదాపు ఇరవై కిలోమీటర్ల పరిధి మాత్రమే చూపిస్తుంది, పేరు చెప్పేవాళ్ళకి అది చాలు.